పడవ పాట నిడివి

కువైట్‌లో చాలా ఆఫీసులకు ఫోన్ చేస్తే, మన వంతు వచ్చేదాకా ఒక వయొలిన్ల పాట వినిపిస్తుంది. పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నట్టు ఉంటుంది. ఆ పాటను నేను ఎన్నో ఏళ్లుగా వింటున్నాను. కడపలో పత్రిక జిల్లా డెస్కులో పనిచేసే రోజుల్లో హైదరాబాద్‌లోని పెద్దాఫీసుకు ఫోన్ చేస్తే, "ఒక్క నిమిషం" అని అవతలి మనిషి మాయమవగానే వచ్చేది కూడా అదే. అది ఏ దేశానిదో, ఎవరు కట్టారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు. ఆ పాట వస్తోందంటే మన పని ఇంకా కాలేదని అర్థం. అంతవరకే దానితో నా పరిచయం.

అది ఇటలీ పాట అని నాకు మొదట చెప్పినవాడు సాల్మియాలోని ఒక చిన్న హోటల్ యజమాని. దాన్ని బ్రెడ్డు కాల్చడానికి వాడుకోవచ్చని చూపించినవాడు ఆ హోటల్ వంటాయన. నేను చెప్పబోయేది ఆ వంటాయన గురించే.

నా భార్య ఇక్కడ నర్సు. డెస్కులో ఇరవై రెండేళ్లు చేశాక ఆ ఉద్యోగం వదిలేసి ఆమె దగ్గరికి వచ్చేశాను. ఇల్లు సాల్మియాలో, నా పని అర్దియాలోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో. హోటళ్ల మెనూలు, మందుల డబ్బాల లేబుళ్లు, పెళ్లి కార్డులు అక్కడ అచ్చవుతాయి. ఇంగ్లీషు ప్రూఫులు నావి, అరబీ ప్రూఫులు ఒక ఈజిప్టు ఆయనవి. ప్రూఫు తీసుకెళ్లి యజమాని చేత చదివించి, సంతకం పెట్టించుకుని రావడం కూడా నా పనే. డెస్కులో రాత్రంతా ఇతరుల తప్పులు దిద్దినవాడికి పగటిపూట అదే పని చేయడం సుఖంగానే ఉంది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి ప్రూఫులతో ఆ హోటల్‌కు వెళ్లాను. సముద్రపు రోడ్డుకు రెండు వీధులు లోపల, పాత భవనం కింది అంతస్తు. పన్నెండు బల్లలుంటాయేమో. యజమాని డెబ్బై దాటిన కువైటీ పెద్దమనిషి. కుర్రతనంలో ఇంజినీరింగ్ చదవడానికి ఇటలీ వెళ్లి, చదువు ముగించుకుని, ఆ తిండి మీద మోజుతో తిరిగొచ్చినవాడు. భూతద్దం పెట్టి మెనూలో ఒక్కో పదార్థం పేరూ చదువుతున్నాడు. గోడ మీది స్పీకర్లోంచి తీగవాద్యం మీద ఒక పాట వస్తోంది. నెమ్మదిగా అటూ ఇటూ ఊగే పాట. ఎక్కడో విన్నాను. మా హాస్పిటల్ క్వార్టర్స్‌లో ఒక ఇంటి కాలింగ్ బెల్ అదేనని తర్వాత నా భార్య చెప్పింది.

ఇంతలో వంటగది కిటికీలోంచి కేక వినిపించింది.

"పడవ పాట రెండో మలుపు తిరిగె! ఇంగ దించు అబ్బీ!"

"దించుతాండాలే చిన్నాయనా. నువ్వు టమాటాలు చూసుకో. నా పొయ్యి మీద నీ కండ్లెందుకు?"

"కండ్లు కాదు, చెవులు. నీకంటే నాకే బాగా ఇనపడతాది."

ఇటాలియన్ హోటల్ వంటగదిలోంచి మా జిల్లా మాట. యజమాని భూతద్దం పక్కన పెట్టి నా ముఖం చూసి నవ్వాడు. "వెళ్లి పలకరించు," అన్నాడు ఇంగ్లీషులో. "నీ దేశంవాళ్లే అనుకుంటా."

లోపల ఇద్దరున్నారు. పొయ్యి దగ్గర నలభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా, ఎత్తుగా, తెల్ల టోపీ కింద నెరిసిన చెంపలు. రాయచోటి ఆయన. అతను "చిన్నాయనా" అని పిలుస్తున్నది బల్ల దగ్గర కూరగాయలు తరుగుతున్న పెద్దాయనను. ఆయనది పులివెందుల వైపు పల్లె. ఇద్దరికీ చుట్టరికం లేదు, మతం ఒకటి కాదు. పదకొండేళ్లు ఒకే వంటగదిలో నిలబడ్డాక చుట్టరికం దానంతటదే వచ్చింది.

"మీరు తెలుగాయన్నా సార్?" అన్నాడు వంటాయన. "ఆ ఫైలూ ఆ నడకా చూసి మలయాళీ అనుకొంటిమి."

పడవ పాట అంటే ఏమిటని అడిగాను. ఇరవై రెండేళ్ల అలవాటు, మొదటి ప్రశ్న దానంతటదే వచ్చేస్తుంది.

"ఇప్పుడు పొయ్యెనే, అది. పడవలో కూర్చున్నట్టు ఊగుతాది గదా. లోపల జున్ను పెట్టిన పాస్తా ఉంటాది సూడు సార్, కజ్జికాయ మాదిరి, పాట మొదలైనప్పుడు నీళ్లలో ఏస్తే అయిపోయేసరికి తేలి, సరిగ్గా పలుకు మీద ఉంటాది. పట్టీలు కోసిన పాస్తా అయితే రెండో మలుపులోనే దించాల."

పలుకు మీద అన్నాడు. అన్నం మెత్తబడకుండా, గింజ పంటికి తగిలేలా ఉంటే మనవాళ్లు అనే మాట. పాస్తాను అలాగే వండాలట. ఇటలీవాళ్లు దానికి ఏమంటారో మెనూలో చదివాను గానీ, వంటాయన చెప్పినప్పుడే నాకు అది నాలుక మీద తెలిసింది.

పాటతో వండటం వాళ్లు కావాలని పెట్టుకున్న పద్ధతి కాదు. టైమర్లు సాస్‌లో పడి చచ్చాయి. గోడ గడియారం ఆవిరికి మసకబారింది. వంటగదిలో ఫోన్లు నిషేధం. మిగిలింది స్పీకరు. యజమాని ఒక చిన్న మెమరీ స్టిక్‌లో పదమూడు పాటలు వేయించి, పొద్దున తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా అవే మోగాలని కట్టడి చేశాడు. వరస మారకూడదు. తన విద్యార్థి రోజుల్లో అద్దెకున్న ఇంటి ఇల్లాలు వంట చేస్తూ పాడుకునే పాటలట అవి. పదమూడు పాటలూ రోజుకు పదిసార్లు తిరిగితే, ఆ నిడివి మనుషుల ఒంట్లోకి దిగిపోదా?

పాటలన్నిటికీ వంటగదిలో పేర్లున్నాయి. వయొలిన్లది పిట్టల పాట, బ్రెడ్డు కాలడానికి సరిపోతుంది. ఛాతీ విరుచుకుని నడిచేవాడి దర్పంతో సాగేది మీసం పాట. అది చిన్నది కాబట్టి సన్న సేమియాలాంటి పాస్తాకు. నెమ్మదిగా మొదలై చివరికి ఊపిరాడనివ్వకుండా పరిగెత్తేది తరుముకొచ్చే పాట. దానికి ఏమీ వండరు. పళ్లేలు కడిగేవాళ్లు మాత్రం తెలియకుండానే చేయి జోరు పెంచుతారు.

"ఒకసారి మధ్యాన్నం కరెంటు పాయె సార్," అని పెద్దాయన చెప్పాడు, కత్తి ఆపకుండానే. "మళ్లీ వచ్చేసరికి పాటల డబ్బా మొదటి నుంచి మొదలుపెట్టె. ఈ సాయిబు పెండ్లిలో మంత్రం మరిచిపోయిన అయ్యవారి మాదిరి నిలబడిపాయె. ఆరు పొయ్యిలు, ఆరు గిన్నెలు, ఒగదానికీ లెక్క తెలీదు."

"నువ్వు ఏడిచినావు, అది చెప్పు."

"ఉల్లిగడ్డలు తరుగుతాంటే ఏడవకుండా నగుతారా?"

ఆ తర్వాత శుక్రవారాలు వాళ్లిద్దరూ మా ఇంటికి టీకి రావడం మొదలైంది. నేను సార్ నుంచి అన్నగా మారాను, నా భార్య వదిన అయింది. మాటలు ఎక్కడ మొదలైనా పాటల దగ్గరికి వచ్చేవి. మీసం పాటను మా ఊరి బ్యాండుమేళంవాళ్లు పెండ్లికొడుకు గుర్రం దిగేటప్పుడు వాయించేవాళ్లని పెద్దాయన అనేవాడు. కాదు, సర్కస్ మైకులో వచ్చేదని వంటాయన. నాకేమో అది ఒక అగరుబత్తీల ప్రకటనలా గుర్తు. అందరమూ ఒకటే పాట ఈలేసి చూపించేవాళ్లం, ఎక్కడా తేడా ఉండేది కాదు. నా భార్య వార్డులోని ఫిలిపీన్స్ నర్సులకూ అది తెలుసు. మా ప్రెస్‌లో ఈజిప్టు ఆయన ముందు ఈల వేస్తే మిగతా సగం ఆయన పూర్తిచేశాడు. పేరు అడిగితే ఎవరికీ తెలియదు.

యజమాని నాకు పేర్లు చెప్పాడు నిజమే. రాసుకోలేదు. నోరు తిరగలేదు, మనసులో నిలవలేదు. ఒక శుక్రవారం ఫోన్‌లో పాట వినిపిస్తే పేరు చెప్పే సాధనం ఉందని చెప్పి, పడవ పాట పేరు కనుక్కుందామా అని వంటాయనను అడిగాను.

"పేరు తెలిస్తే ఏమొస్తాదన్నా? పాస్తా ఒగ నిమిషం ముందు ఉడుకుతాదా?" అన్నాడు. "మా ఈదిలో ఒగాయప్ప ఉండాడు. నలభై ఏండ్ల నుంచి అందరూ సోడా అంటారు. ఆయప్ప అసలు పేరు రేషన్ కార్డుకు తప్ప ఎవురికీ పనికిరాల."

అతనికి కావాల్సిన పేరు వేరే ఉంది. ఆ సంగతి ఆ రోజే తెలిసింది. పదకొండేళ్ల కిందట వచ్చినప్పుడు అతని పని కాగితాల్లో వృత్తి దగ్గర "ఆమిల్" అని రాశారు. కూలిమనిషి అని అర్థం. పళ్లేలు కడగడానికే వచ్చాడు. రెండో ఏడు పొయ్యి దగ్గరికి చేరాడు, నాలుగో ఏటికి వంటగది అతనిదే అయింది. కాగితాల్లో మాత్రం ఆమిల్ ఆమిల్‌గానే ఉండిపోయింది. యజమాని మంచివాడే. మారుస్తానన్నాడు, మరిచిపోయాడు. ఇతను గుర్తుచేయలేదు. ఇఖామా అనే నివాస అనుమతి పునరుద్ధరణ వచ్చిన ప్రతిసారీ ఆ మాట చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు.

పోయిన చలికాలం ఆ భవనం పడగొడతారని నోటీసు వచ్చింది. వేరే చోట మళ్లీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని యజమాని చెప్పేశాడు. పనివాళ్లందరినీ కూర్చోబెట్టి టీ పోయించి, వచ్చే నెలాఖరులోగా ఎవరికి ఎక్కడ పని దొరికితే అక్కడికి మారడానికి రిలీజ్ ఇస్తాను, దొరకనివాళ్ల ఇఖామా రద్దు చేసి టికెట్ కొనిస్తాను అన్నాడు. ఇక్కడ వీసా ఇచ్చిన కఫీల్ అలా నోరు తెరిచి చెప్పడం చిన్న మంచితనం కాదు.

పెద్దాయనకు మూడు రోజుల్లో సాల్మియాలోనే ఒక సూపర్‌మార్కెట్‌లో కూరగాయల విభాగం దొరికింది. వంటాయనకు దొరకలేదు. ఇటాలియన్ వంటవాడు కావాలన్న చోటల్లా కాగితం అడిగారు. కాగితం ఆమిల్ అంటోంది. క్లీనింగ్ కంపెనీ అయితే తీసుకుంటామన్నారు. కూతురు తిరుపతిలో ఫార్మసీ చదువుతోంది, ఇంకా రెండేళ్లుంది. కాబట్టి తుడుపు పనికైనా పోతానన్నాడు.

"పోతే పోతావు గానీ, మళ్లీ పొయ్యి ముట్టుకోవు," అంది నా భార్య.

"అదే వదినా," అని టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ గడువుకు ఇంకా నాలుగు వారాలుందనగా మా ప్రెస్‌కు ఎగైలాలోని ఒక మాల్ నుంచి కొత్త ఇటాలియన్ హోటల్ మెనూ వచ్చింది. ప్రూఫు తీసుకుని నేనే వెళ్లాను. హోటల్ తెరచి నెల కూడా కాలేదు. వంటగది అద్దాల వెనక కాదు, నడిమధ్యనే ఉంది, తినేవాళ్లు చూస్తుండగా వండుతారు. పెద్ద చెఫ్ లెబనాన్ ఆవిడ. నలభై ఏళ్లుంటాయి, కళ్లజోడు నెత్తి మీద, మాట కత్తిలా తెగుతుంది. ప్రూఫులో రెండు తప్పులు నాకంటే ముందే పట్టుకుంది. ఆవిడ మీద గౌరవం కలిగి, మాటల్లో మా వంటాయన సంగతి చెప్పాను. "కాగితంలో ఏముంటే నాకేం?" అంది. "నాకు పాస్తా వండే చేయి కావాలి. బుధవారం మూడు గంటలకు పంపు. బాగుంటే వృత్తి కూడా మార్పిస్తాను."

అప్పుడే స్పీకర్లో పాట మారింది. మొదటి రెండు ముక్కలు వినగానే గుర్తుపట్టాను. పడవ పాట. ఇంతలో ప్రెస్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం నేను మోసుకెళ్లిన వార్త అదే. "భయపడకు భాయ్. అక్కడా అవే పాటలు. పడవ పాట నా చెవులతో విన్నాను."

అతని ముఖం విచ్చుకుంది. "అయితే దేవుడే పంపినాడన్నా," అన్నాడు.

బుధవారం నా భార్య కారులో నేనే తీసుకెళ్లాను. ఫహాహీల్ రోడ్డు పొడవునా అతని వేళ్లు మోకాలి మీద పాట లయకు ఊగుతూనే ఉన్నాయి. మూడు గంటలకు హోటల్ దాదాపు ఖాళీ. నేను కాఫీ చెప్పి మూల బల్ల దగ్గర కూర్చున్నాను, అక్కడి నుంచి పొయ్యి కనిపిస్తుంది. చెఫ్ గుడ్లు కలిపి పిసికి ఉంచిన పిండి ముద్ద అతని ముందు పెట్టి, పట్టీలుగా కోసి, టమాటాతో ఇద్దరికి వండమంది. చేతులు కట్టుకుని పక్కన నిలబడింది.

పిండి వత్తడం, కోయడం చూసి ఆవిడ తల ఊపింది. సాస్ వాసన నా దాకా వచ్చింది. నీళ్లు మరిగాయి. అతను పాస్తా వేయలేదు.

"ఏమిటి ఆగావు?" అంది చెఫ్.

"నీళ్లు, చెఫ్. నీళ్లు ఇంకా," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. నీళ్లు తెర్లుతున్నాయి. అతను పడవ పాట కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. మూడు పాటలు పోయాయి. ఆవిడ రెండుసార్లు గడియారం చూసింది. చివరికి పాట మొదలైంది, మొదటి స్వరానికే పాస్తా నీళ్లలో పడింది.

పాత హోటల్లో పడవ పాట తీగవాద్యం మీద వచ్చేది. ఇక్కడ ఒక బరువైన గొంతు పాడుతోంది. ఒక్కో మాటనూ సాగదీసి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ అందుకుంటున్నాడు. రెండో వరుసకే నాకు అర్థమైంది, ఈ పడవ కదలడం లేదు. అక్కడైతే ఈపాటికి మొదటి మలుపు రావాలి. నేను ఆ రోజు విన్నది వాద్యాలతో మొదలయ్యే రెండు ముక్కలే. గొంతు వచ్చేసరికి ఫోన్ పట్టుకుని బయట ఉన్నాను. డెస్కులో కొత్తగా చేరిన ఎంతమందిని నిలబెట్టి చెప్పానో, సగం విన్న సంగతి రాయొద్దని.

లేచి నిలబడ్డాను. ఏం చేయాలి? ఆవిడ ముందు తెలుగులో అరిస్తే అతని పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. అరవకపోయినా ఆగేలా ఉంది. కాషియరు అమ్మాయి వచ్చి ఇంకో కాఫీ కావాలా అంది. వద్దని మళ్లీ కూర్చున్నాను.

అతను ఎప్పటిలాగే తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. చిల్లుల గిన్నె పిడి మీద చేయి ఉంది. ఒకసారి చేయి లేచింది, మళ్లీ ఆగింది. రెండో మలుపు తిరగగానే ఎత్తి వార్చాడు. ఒక్క చూపు చూశాడు. పట్టీలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, పాలిపోయి ఉన్నాయి.

సాస్ సిద్ధంగా ఉంది. పైన పోసి, ఆకులు చల్లి ఇచ్చేస్తే సగం మంది గుర్తుపట్టరు. అతను గిన్నె తీసుకెళ్లి మొత్తం చెత్తబుట్టలో వంచేశాడు.

"ఖలాస్, చెఫ్," అన్నాడు. "ఇది మంచిది కాదు. ఇంకొక్కసారి."

"లేష్?" అంది ఆవిడ. ఎందుకని.

అతను స్పీకరు వైపు వేలు చూపించాడు. వచ్చిన పది ఇంగ్లీషు ముక్కల్నీ పాతిక అరబీ ముక్కల్నీ కలిపి చెప్పాడు. నా పాత చోట ఇదే పాట, కానీ పొట్టిది. నాకు గడియారం అదే. ఇక్కడ ఆయన నెమ్మదిగా పాడుతున్నాడు. తప్పు ఆయనది కాదు, నాది.

"ఎన్నేళ్లు అలా వండావు?"

"పది."

ఆవిడ కళ్లజోడు నెత్తి మీంచి దించి పెట్టుకుని అతన్ని చూసింది. నవ్వుతుందేమో, పొమ్మంటుందేమో తెలియలేదు. కాషియరు వైపు తిరిగి, "ఆ పాట ఆపు," అంది. "యల్లా. ఇప్పుడు వండు."

పాట ఆగాక ఫ్రిజ్‌ల రొద, ఎసరు చప్పుడు బయటపడ్డాయి. అతను రెండో ముద్ద వత్తాడు, కోశాడు, నీళ్లలో వేశాడు. ఈసారి తల వంచలేదు. కాసేపు ఊరికే నిలబడి, గరిటెతో ఒక పట్టీ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కాడు. మళ్లీ కాసేపు ఆగి ఇంకోటి. మూడోది నొక్కుతూనే రెండో చేత్తో గిన్నె ఎత్తేశాడు. నేను గడియారం చూడటం మరిచిపోయాను.

చెఫ్ నిలబడే తింది. మూడు ముద్దలు తిన్నాక ఫోర్కు అతని చేతికిచ్చింది. "నువ్వూ తిను. ఎలా ఉంది?"

అతను నమిలి, మింగి, నిజం చెప్పాడు. "ఉప్పు కొంచెం తక్కువ, చెఫ్."

అప్పుడు నవ్వింది ఆవిడ. "ఆదివారం పొద్దున పదింటికి రా. ఒక వారం చూస్తాను. సివిల్ ఐడీ కాపీ, మీ కఫీల్ ఫోన్ నంబరు తెచ్చుకో."

కారెక్కాక నేను ముందుగా అన్నాను. "నాదే తప్పు భాయ్. రెండు ముక్కలు విని వచ్చి పాటంతా విన్నట్టు చెప్పాను."

"మీరు పేపరోళ్లు గదన్నా. అట్లనే చెప్తారు," అన్నాడు. అతను అంతసేపు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వు ఆగాక, "చెయ్యి దించమంటాండాదన్నా, చెవి వద్దంటాండాది. నేను చెవి మాట ఇన్నా," అన్నాడు.

"రెండోసారి ఎట్లా తెలిసింది?"

"ఈడికి రాకముందు మా మేనమామతో పెండ్లిండ్లకు బిర్యానీ వండేవాణ్ని. బియ్యం ముక్కాలు ఉడికినప్పుడు వార్చాల, ఆన్నే ఉండాది పనంతా. గింజ పట్టి నొక్కితే లోపల సన్నంగా పలుకు తగలాల. ఆడ ఎవుడు పాట పాడినాడు మాకు?"

దారిలోనే ఇంటికి ఫోన్ చేశాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది మా వైపు ఉర్దూ, నాకు అర్థమవుతుంది. జరిగిందంతా మొదటి నుంచి చెప్పాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. ఉద్యోగం మాట దాకా రాకముందే అటునుంచి అతని భార్య గొంతు లేచింది. ఇద్దరు తినే తిండి చెత్తబుట్టలో పోశావా? నీకు బుద్ధుందా? నీళ్లు చల్లి ఎవరికైనా పెట్టకూడదా? పిల్లలకు మెతుకు కింద పడితే ఏరిస్తానే నేను.

"అది కాదు, ఇను. పారేసినందుకే ఆయమ్మ..."

"ఇంకోసారి పారేశావంటే ఆ దేశం నుంచే పారేస్తారు నిన్ను."

"సరే," అన్నాడు బుద్ధిగా. "ఇంగ పారేయను." తర్వాత ఉద్యోగం సంగతి చెప్పాడు. దానికి ఆవిడ అడిగిన మొదటి మాట, పిల్లకు నేను చెప్పాలా, నువ్వే చెబుతావా అని.

వారం రెండు వారాలైంది. పాత యజమాని తానే ఎగైలా వెళ్లి చెఫ్‌తో కాఫీ తాగి, రిలీజ్ మీద సంతకం చేసి వచ్చాడు. కొత్త హోటల్లో ప్రతి పొయ్యికీ ఒక టైమర్ ఉంది. అవి పెట్టుకోవాలని నియమం. ఇతను పెట్టుకుంటాడు, మోగేలోపే గిన్నె దించేసి, మోగాక ఆపుతాడట. కొత్తగా చేరిన నేపాలీ అతనికి పట్టీ నొక్కి చూడటం నేర్పుతున్నాడని చెఫ్ నాకు రెండో మెనూ ప్రూఫు దిద్దుతూ చెప్పింది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పెద్దాయన కూడా వెంట ఉన్నాడు. కవర్లో కొత్త పని అనుమతి కాగితం, మొత్తం అరబీలో. నా భార్య టీ పెట్టడానికి లోపలికి వెళ్తూ, ఈజిప్టు ఆయనకు ఫోటో పంపి చదివించమని నాకు చెప్పింది. నేను ఫోన్ తీశాను.

"వద్దన్నా," అన్నాడు వంటాయన. "నేనే చూస్తా."

చిన్నప్పుడు రాయచోటి మసీదులో ఖురాన్ చదవడం నేర్చుకున్నవాడు. అరబీ మాటలకు అర్థాలు చాలావరకు తెలియకపోయినా అక్షరాలు తెలుసు. కాగితం బల్ల మీద పరిచి, వృత్తి అని ఉన్న గడి వెతికి, వేలు పెట్టాడు.

"తోయ్," అన్నాడు. వేలు కదిలింది. "బే. అలిఫ్."

"తొందరగా కానీ అబ్బీ, టీ చల్లారుతాది," అన్నాడు పెద్దాయన. టీ ఇంకా రానేలేదు.

"ఉండు చిన్నాయనా." ఆఖరి అక్షరం దగ్గర వేలు ఆపి, దాని మీద చుక్క ఉందో లేదో కాగితం పైకెత్తి వెలుతురులో చూశాడు. ఉంది.

"ఖే," అన్నాడు. తర్వాత నాలుగూ కలిపి ఒక్కసారి చదివాడు. "తబ్బాఖ్."

వంటవాడు. మళ్లీ మొదటి నుంచి చదవమని పెద్దాయన అడిగాడు, ఈసారి నిదానంగా.